తొంభై ఏడు, ఎనభై తొమ్మిది

మా ఎదురింటి అతన్ని అతను పనిచేసే షాపులో అందరూ నీలం అని పిలిచేవారు. అది అతని చొక్కా రంగు. పెద్ద ఫోన్ల షాపుల్లో కౌంటర్ల వెనక నిలబడేవాళ్ళంతా ఆ షాపువాళ్ళు కాదని నాకు అతన్ని చూశాకే తెలిసింది. ఒక్కో ఫోన్ కంపెనీ తన మనిషికి తన రంగు చొక్కా తొడిగి అక్కడ నిలబెడుతుంది. జీతం కంపెనీది, నిలబడే చోటు షాపుది. తలుపు తోసుకుని లోపలికి వచ్చినవాణ్ణి నాలుగడుగులు వేసేలోపు ఏదో ఒక రంగు పట్టుకోవాలి. ఆ షాపులో నీలం, ఎరుపు, పచ్చ ఉండేవి. పచ్చ చొక్కా ఆవిడ కాస్త పెద్దది, మాట తక్కువ. నీలానికీ ఎరుపుకీ కౌంటర్లు పక్కపక్కనే. పొద్దున పదింటికి షట్టరు లేచింది మొదలు దించేదాకా వాళ్ళిద్దరూ వాదించుకుంటూనే ఉండేవారు.

మొదటిసారి ఆ వాదన విన్నది నేను ఫోన్ కొనడానికి వెళ్ళిన రోజున. ఎదురింటివాడు కాబట్టి నేరుగా అతని దగ్గరికే వెళ్ళాను.

"టీచరుగారూ, ముందు కెమెరా చూడండి. రెండు వందల మెగాపిక్సెల్" అన్నాడు నీలం.

"రెండు వందలు దేనికండీ? మీ కాలేజీ మొత్తాన్ని ఒక్క ఫొటోలో ఇరికించడానికా?" పక్క కౌంటర్ నుంచి ఎరుపు.

"వాడిది యాభై. అందుకని యాభై చాలంటాడు."

"యాభైతోనే మనిషి మనిషిలా పడతాడు. వీళ్ళ ఫోన్‌లో ఫొటో దిగితే నన్ను మా ఆవిడే గుర్తుపట్టలేదు."

"అది ఫోన్ గొప్పతనంరా. పాపం వదినకి ఒక్క పూటైనా మనశ్శాంతి."

నేను నీలం దగ్గరే కొన్నాను. ఎరుపు ఏమీ నొచ్చుకోలేదు. "తీసుకోండి, తీసుకోండి. ఆర్నెల్లలో నా దగ్గరికే వస్తారు" అని చెయ్యి ఊపాడు. మధ్యాహ్నం ఇద్దరూ వెనక స్టాకు గదిలో అట్టపెట్టెల మీద కూర్చుని ఒకే డబ్బాలోంచి తింటారని తర్వాత తెలిసింది. ఆరేళ్ళుగా అంతేనట.

నీలం తండ్రి బస్సు కండక్టరు. డిగ్రీ రెండో ఏడాదిలో తండ్రి మంచాన పడితే చదువు ఆపేసి ఒక జిరాక్సు షాపులో కుదిరాడు. అక్కడ ఊసుపోక పాత ఫోన్ల ప్రకటనలు చదివేవాడట. ఒకసారి చదివిన అంకె అతనికి మళ్ళీ పోదు. ఏ ఫోన్ బ్యాటరీ ఎంత, ఏ తెర ఎన్ని అంగుళాలు, ఏది ఎన్ని గ్రాములు అని అడిగితే తడుముకోకుండా చెప్పేవాడు. ఆ జ్ఞాపకశక్తి చూసే మొదట ఎర్ర కంపెనీవాళ్ళు తీసుకున్నారు. అవును, మొదట అతనిదీ ఎర్ర చొక్కానే. నాలుగేళ్ళ క్రితం నీలంలోకి మారాడు. ఎర్ర చొక్కాలో ఉన్నప్పుడు నీలం ఫోన్లు వేడెక్కుతాయని చెప్పేవాడు. చొక్కా మారిన మర్నాడే "అది వేడి కాదు సార్, పవర్" అన్నాడని ఎరుపు ఇప్పటికీ అనుకరించి చూపిస్తాడు.

"నిన్న ఒకటీ ఇవాళ ఒకటీ చెప్పడానికి నోరెలా వస్తుంది?" అని నేనొకసారి అడిగాను.

"నమ్మకుండా చెప్తే నోరు రాదు టీచరుగారూ. పొద్దున గుండీలు పెట్టుకుంటూనే నమ్మేస్తాను" అన్నాడు. నవ్వలేదు. నిజంగానే అన్నాడు.

వాళ్ళకి కంపెనీ శిక్షణ ఇచ్చేది. చిన్న పుస్తకం కూడా ఇచ్చింది. పక్క కంపెనీ అంకె ఎక్కువైతే 'అంకెలు కాదు సార్, వాడిన అనుభవం ముఖ్యం' అనాలి. మన అంకె ఎక్కువైతే 'అనుభవం అనేది ఉత్తి మాట సార్, అంకె చూడండి' అనాలి. రెండూ ఒకే పేజీలో ఉన్నాయి. అన్నిటికన్నా పైన, లావు అక్షరాల్లో ఒక నియమం: పక్కవాడు తన ఫోన్ గురించి చెప్పింది నిజమైనా సరే, కస్టమర్ ముందు ఒప్పుకోకూడదు. ఒప్పుకుంటే బేరం పోయినట్టే.

ఇంట్లో కూడా అతని నోట్లోంచి అంకెలే వచ్చేవి. కూతురు పుట్టినప్పుడు మా తలుపు కొట్టి, "రెండు కిలోల తొమ్మిది వందల గ్రాములు, నలభై ఎనిమిది సెంటీమీటర్లు. కొత్త మోడల్ వచ్చేసింది టీచరుగారూ" అన్నాడు. లోపల్నుంచి భార్య గొంతు వినిపించింది. "నేను మనిషితో కాపురం చేస్తున్నానో, పెట్టె వెనక అట్టముక్కతో చేస్తున్నానో తెలియట్లేదండీ" అని. ఆమె ఒక బ్యాంకు ఫోన్ల విభాగంలో పనిచేస్తుంది. మధ్యాహ్నం నుంచి రాత్రి ఎనిమిదిదాకా అవతలివాళ్ళ కోపం వినడం ఆమె ఉద్యోగం.

పాప బరువు పెద్దగా పెరగలేదు, మాటలు మాత్రం బాగా వచ్చాయి. పొద్దస్తమానం కిచకిచమంటుందని పిచ్చుక అని పిలిచేవాళ్ళం. మా అబ్బాయికీ పిచ్చుకకీ మూడు నెలల తేడా. ఇద్దరినీ ఒకే చోట, మా వీధి చివర పిల్లల్ని చూసుకునే ఆవిడ దగ్గర వదిలేవాళ్ళం. పొద్దున వాళ్ళనాన్న, సాయంత్రం నేను.

*

ఊపిరి కొలిచే ఫోన్ వచ్చింది పిచ్చుకకి మూడేళ్ళు నిండిన ఏడాది. వెనక కెమెరా పక్కన గింజంత అద్దం ఉంటుంది. దాని మీద వేలు పెడితే, రక్తంలో ఆక్సిజన్ నూటికి ఎంత ఉందో తెర మీద పడుతుంది. నీలం కౌంటర్ పక్కన మనిషెత్తు అట్ట బొమ్మ నిలబెట్టారు. ఒక తల్లి, ఒళ్ళో పాప, పాప వేలు ఫోన్ మీద. పైన 'మీవాళ్ళ ఊపిరి, మీ అరచేతిలో' అని రాసి ఉంది. పెట్టెలో మడతపెట్టిన కాగితంలో సన్నటి అక్షరాల్లో 'వైద్య అవసరాలకు ఉద్దేశించినది కాదు' అని కూడా ఉంది. నీలమే నాకు వేలు పెట్టి చూపించాడు.

"ఇది చీమలు చదువుకోడానికి" అన్నాడు.

"ఎవరైనా అడిగితే ఏం చెప్తావు?"

"లాయర్లు రాయమన్నారు సార్, అన్ని కంపెనీలూ రాస్తాయి, అంటాను. అదీ పుస్తకంలో ఉంది."

జనం ఎగబడ్డారు. కౌంటర్ దగ్గర ఒకళ్ళ తర్వాత ఒకళ్ళు వేలు పెట్టడం, తొంభై ఏడు, తొంభై ఎనిమిది అని చూసి మురిసిపోవడం. పరీక్షలో మార్కులు వచ్చినట్టుండేది వాళ్ళ ముఖాల్లో. తక్కువ వచ్చినవాడు ఒక్కడూ లేడు. అది నాకు అప్పుడే తట్టి ఉండాల్సింది. భౌతికశాస్త్రం చెప్పుకుని బతుకుతున్నదాన్ని. తట్టలేదు. నేనూ వేలు పెట్టి, తొంభై ఎనిమిది చూసుకుని ఇంటికొచ్చాను.

రెండు నెలలకి ఎర్ర కంపెనీ కూడా అలాంటిదే తెచ్చింది. అది నెమ్మది. వేలు కదపకుండా అర నిమిషం పెట్టి ఉంచాలి, తెర మీద తెల్ల గీత గుండ్రంగా తిరుగుతూ ఉంటుంది, ఒక్కోసారి ఎంతసేపటికీ ఏమీ చూపించదు. ఇక వాదనకి కొత్త మేత దొరికింది.

"మాది రెండు సెకన్లు సార్. వాడి దాని ముందు అర్జీ పెట్టుకుని కూర్చోవాలి" అనేవాడు నీలం.

"మాది తెలియకపోతే తెలియదని ఊరుకుంటుంది. వీళ్ళది సిగ్గులేకుండా ఏదో ఒకటి చెప్పేస్తుంది, అచ్చం వీడిలాగే" అనేవాడు ఎరుపు.

కొనడానికి వచ్చినవాళ్ళు నవ్వేవారు. నవ్వి, రెండు సెకన్లదే కొనేవారు.

*

ఆ చలికాలంలో పిచ్చుకకి జ్వరం వచ్చింది. మొదటి రోజే డాక్టరుకి చూపించారు. మందు రాసి, "మూడు రోజులు చూడండి. ఆయాసం వచ్చినా, డొక్కలు ఎగరేస్తున్నా మాత్రం ఆలస్యం చేయకుండా తీసుకొచ్చేయండి" అన్నాడట. ఇంటికొచ్చాక నీలం భార్యతో అన్నాడు: "ఊపిరి సంగతి నేను చూసుకుంటాలే. మన దగ్గర ఫోన్ ఉంది."

మూడో రోజు జ్వరం తగ్గలేదు. పిల్లల్ని చూసుకునే ఆవిడ జ్వరం పిల్లని ఉంచుకోనంది. భార్యకి సెలవులు అయిపోయాయి. పొద్దున్నే మార్చుకున్న షిఫ్టులో ఆమె వెళ్ళిపోయింది. నీలం కూతురికి రెండు స్వెటర్లు తొడిగి షాపుకి ఎత్తుకెళ్ళాడు. తన కౌంటర్ వెనక అట్టపెట్టెలు రెండు పరిచి, దుప్పటి వేసి కూర్చోబెట్టాడు.

అక్కడ జరిగింది నాకు తర్వాత అతనూ చెప్పాడు, పచ్చ చొక్కా ఆవిడా చెప్పింది. ఇద్దరి మాటల్లో తేడా లేదు.

ఎరుపు టీ గ్లాసుతో వచ్చాడు. "ఏమే పిచ్చుకా, ఇవాళ నీకు డ్యూటీ వేశారా?" అన్నాడు.

పాప మాట్లాడలేదు. ఎరుపు గ్లాసు పక్కన పెట్టి, మోకాళ్ళ మీద కూర్చుని కాసేపు పాపని చూశాడు. లేచి తన కౌంటర్‌కి వెళ్ళి, ప్రదర్శనకి పెట్టిన ఫోన్ తెచ్చాడు. పాప చూపుడువేలు దాని అద్దం మీద పెట్టి, కదలకుండా తన చేత్తో పట్టుకున్నాడు. అర నిమిషం అయింది. ఇంకో అర నిమిషం అయింది.

"ఒరేయ్, ఎనభై తొమ్మిది" అన్నాడు. "పాపని ఆస్పత్రికి తీసుకెళ్ళు."

అప్పటికి నీలం ముందు ఒక భార్యాభర్తా నిలబడి ఉన్నారు. ఊపిరి కొలిచే ఫోన్ కోసమే వచ్చారు, వాళ్ళింట్లో ముసలాయన ఉన్నాడట. నీలం వెనక్కి తిరక్కుండానే అన్నాడు: "చూశారుగా సార్, అదీ వాళ్ళ ఫోన్. అంతసేపు తిప్పి తిప్పి తప్పు చెప్తుంది."

"బేరం కోసం కాదురా. ఎనభై తొమ్మిది అంటే తెలుసుగా నీకు?"

"నువ్వెప్పుడురా బేరం కోసం కాకుండా మాట్లాడింది?"

"ఇప్పుడు."

కొనడానికొచ్చిన ఆయనకి ఆసక్తి కలిగింది. "ఇంతకీ రెండింట్లో ఏది కరెక్టు?" అన్నాడు.

నీలం తన ఫోన్ తీసి, వంగి, పాప వేలు పెట్టాడు. రెండు సెకన్లు. తెర ఆయన వైపు తిప్పాడు. తొంభై ఏడు. మళ్ళీ పెట్టాడు. తొంభై ఏడు. "మూడు రోజుల జ్వరంలో ఉన్న పిల్ల సార్. అయినా ఎంత నిలకడగా చూపిస్తోందో చూడండి. వాడిది ఇంకోసారి పెడితే ఇంకోటి చెప్తుంది."

"పెట్టమంటావా?" అన్నాడు ఎరుపు.

"వద్దులే. దానికి చెయ్యి నొప్పి."

భార్యాభర్తలు నీలం ఫోన్ కొన్నారు. ఆ రోజు అతని మొదటి అమ్మకం అదే. బిల్లు రాస్తుంటే ఎరుపు కౌంటర్ చుట్టూ తిరిగొచ్చి అతని మోచెయ్యి పట్టుకున్నాడు. "నా మాట విను. నా ఫోన్ వద్దు, నీ ఫోన్ వద్దు. ఆస్పత్రిలో ఒక్కసారి చూపించు. నేను మేనేజరుతో చెప్తాను."

"రెండేళ్ళు ఆ ఫోన్లు అమ్మినవాణ్ణిరా నేను. దాని సంగతి నాకు చెప్పకు."

"ఈ మోడల్ నువ్వు అమ్మలేదు."

"అదే కంపెనీ కదా."

ఈలోపు మేనేజరు వచ్చి, జ్వరం పిల్లని షాపులో ఉంచితే వచ్చినవాళ్ళు పారిపోతారని, ఇంటికి తీసుకెళ్ళమని కసిరాడు. నీలం కూతుర్ని భుజాన వేసుకున్నాడు. తలుపు దగ్గర ఎరుపు మరోసారి, "అటునుంచి అటే వెళ్ళరా" అన్నాడు. నీలం తల ఊపాడు. ఊపి ఇంటికొచ్చేశాడు.

సాయంత్రం నేను మా అబ్బాయిని తీసుకుని మెట్లెక్కుతుంటే అతని తలుపు తెరిచే ఉంది. పిచ్చుక మంచం మీద దిండుకి ఆనుకుని కూర్చుంది, పడుకోలేదు. నాకు నా భయం. నాలుగు రోజుల క్రితందాకా ఇద్దరూ ఒకే గిన్నెలో బిస్కెట్లు తిన్నారు.

"ఎలా ఉంది?" అన్నాను గుమ్మంలోంచే.

"తొంభై ఏడు టీచరుగారూ. అరగంటకోసారి చూస్తున్నాను. బాబుకి కూడా చూడమంటారా?"

నేను మావాడి చెయ్యి ముందుకు చాపాను. తొంభై ఎనిమిది. "పర్వాలేదైతే" అని, ఇద్దరి గురించీ కలిపి అనేసి, మా తలుపు తీసుకున్నాను. లోపలికి వెళ్ళి పాపని చూడలేదు. మావాడికి అంటుకుంటుందేమోనని.

ఆ మధ్యాహ్నమంతా భార్య ఆఫీసునుంచి అడుగుతూనే ఉంది. అతను తెర ఫొటోలు పంపుతూనే ఉన్నాడు. తొంభై ఏడు. తొంభై ఆరు. తొంభై ఏడు. షిఫ్టు మీద షిఫ్టు చేసి ఆమె ఇంటికొచ్చి, బ్యాగు భుజాన ఉండగానే మంచం దగ్గరికి వెళ్ళింది.

"దీని పొట్ట ఎందుకలా ఎగురుతోంది?"

"జ్వరానికి అలాగే ఉంటుంది. ఇదిగో, చూడు."

ఆమె చూసింది. "డాక్టరు చెప్పింది ఇదేనేమో అండీ. డొక్కలు అన్నాడు కదా."

"డొక్కలు ఎగరేస్తే ఈ అంకె పడిపోవాలి. పడలేదు కదా? మధ్యాహ్నం నుంచి ఇరవై రెండు సార్లు చూశాను." తర్వాత నవ్వుతూ చెప్పాడు: "ఎరుపుగాడు ఎనభై తొమ్మిది అన్నాడు. కస్టమర్ల ముందు. బేరం కోసం పిల్లని కూడా వదల్లేదు వాడు."

ఆమె ఎరుపుని నాలుగు మాటలు తిట్టింది. అది తలుచుకున్నప్పుడల్లా ఆమె ఇప్పటికీ చెంప మీద కొట్టుకుంటుంది.

తెల్లవారి వాళ్ళు లేచేసరికి పాప పెదవులు సిరా అంటుకున్నట్టున్నాయి.

ఆస్పత్రిలో నర్సు చిన్న క్లిప్పు పాప వేలికి తగిలించింది. అరవై ఎనిమిది. నీలం తన ఫోన్ చూపించబోయాడు. "ఇందాక ఇంట్లో తొంభై ఆరండీ, ఇదిగో, టైముతో సహా ఉంది" అన్నాడు. నర్సు ఆ ఫోన్ అతని చేతిలోంచి తీసి బల్ల మీద బోర్లా పెట్టి, "ముందు పాపని ఇటివ్వండి" అంది.

రెండు ఊపిరితిత్తులూ నిమ్ముతో నిండిపోయాయి. ఆస్పత్రిలో చేర్చిన మూడో రోజు మధ్యాహ్నం పిచ్చుక చనిపోయింది. నిన్న తెచ్చినా బతికించేవాళ్ళమేమో అని డాక్టరు అనలేదు. ఒకరోజు ముందు తెస్తే మేలుండేదా అని భార్య అడిగితే, ఉండేదని మాత్రం అన్నాడు. అబద్ధం చెప్పలేకపోయి ఉంటాడు.

*

పదిహేను రోజులు వాళ్ళ తలుపు మూసే ఉంది. తర్వాత ఒక ఆదివారం పొద్దున నీలం మా ఇంటికి వచ్చాడు. గడ్డం పెరిగింది. చేతిలో రెండు కాగితాలున్నాయి. ఒకటి తన ఫోన్ పెట్టెలోది, రెండోది ఎర్ర ఫోన్ పెట్టెలోది. పచ్చ చొక్కా ఆవిడని అడిగి తెప్పించుకున్నాడట.

"టీచరుగారూ, రెండింటి సెన్సారూ ఒకటే. చదివాను. మరి వాడిది సరిగ్గా ఎలా చూపించింది?"

కూర్చోమన్నాను. నాకు తెలిసింది చెప్పాను. ఎర్ర వెలుగు ఒకటి, కంటికి కనపడని వెలుగు ఇంకొకటి వేలిలోకి పంపిస్తారు. ఆక్సిజన్ ఉన్న రక్తం ఒకదాన్ని ఎక్కువ పీల్చుకుంటుంది, లేని రక్తం రెండోదాన్ని. తిరిగొచ్చిన వెలుగుని బట్టి లెక్క కడతారు. వేలు చిన్నదైతే అద్దాన్ని పూర్తిగా మూయదు, బయటి వెలుగు కలిసిపోతుంది. వేళ్ళు చల్లబడితే నాడి అందదు. రెండు సెకన్లలో మంచి యంత్రానికి కూడా పట్టు దొరకదు.

"పట్టు దొరక్కపోతే?"

అతని ఫోన్ అడిగి తీసుకున్నాను. బల్ల తుడిచే గుడ్డ నాలుగు మడతలు వేసి, అద్దం దాని మీద ఆనించాను. రెండు సెకన్లు. తొంభై ఆరు.

అతను చాలాసేపు ఆ అంకెని చూశాడు. తను తీసుకుని, గుడ్డని ఇంకోలా మడిచి పెట్టాడు. తొంభై ఏడు. నాకు అది చేసి చూపించి ఉండకూడదనిపించింది. కానీ అడిగినవాడికి ఇంకెలా చెప్పాలో తెలియలేదు. ఇదే గుడ్డ, ఇదే బల్ల, ఆ సాయంత్రం కూడా మా ఇంట్లోనే ఉన్నాయి.

"అయితే వాడిది మంచి ఫోన్" అన్నాడు చివరికి.

"అది నాకు తెలియదు."

"ఎనభై తొమ్మిది చూపించింది టీచరుగారూ. ఉన్నది ఉన్నట్టు చూపించింది. నాలుగేళ్ళ క్రితం ఆ చొక్కా విప్పకుండా ఉంటే, ఆ రోజు నా చేతిలో ఆ ఫోనే ఉండేది. నా కూతురు బతికేది."

అదే అతన్ని తినేస్తోందని అప్పుడు అర్థమైంది. చొక్కా మారడం. ఆ తర్వాత భార్య కూడా చెప్పింది, పడుకున్నప్పుడు కూడా అదే గొణుగుతున్నాడని.

ఇరవయ్యో రోజున షాపుకి వెళ్ళాడు. నీలం చొక్కా వేసుకోలేదు, చేతిలో మడిచి పట్టుకున్నాడు. మేనేజరుకి ఇచ్చేసి, ఎర్ర కంపెనీలో ఖాళీ ఉందేమో అడగాలని. మధ్యాహ్నం వేళ ఎరుపు ఒక్కడే స్టాకు గదిలో ఉన్నాడు. డబ్బా మూత తియ్యకుండా ముందు పెట్టుకుని కూర్చున్నాడట. నీలాన్ని చూసి లేచాడు. నీలమే మొదలుపెట్టాడు.

"నీ ఫోన్ నిజం చెప్పిందిరా. నేను వినలేదు. మీ కంపెనీలో నాకు మళ్ళీ చోటు ఇప్పించు. అమ్మితే ఆ ఫోనే అమ్ముతాను."

ఎరుపు అట్టపెట్టె అంచు గోటితో గీకుతూ నిలబడ్డాడు.

"నా ఫోన్ ఏమీ చెప్పలేదురా" అన్నాడు.

"ఎనభై తొమ్మిది చెప్పింది."

"చెప్పలేదు. గీత తిరుగుతూనే ఉంది. ఎంతసేపు పెట్టినా తిరుగుతూనే ఉంది. ఎనభై తొమ్మిది నేనన్నాను."

నీలానికి అర్థం కాలేదు. "నువ్వనడం ఏంటి?"

"పాపని చూశాను. చూస్తే భయమేసింది. ఫోన్ చూపిస్తే నీకు చూపిద్దామనుకున్నాను. చూపించలేదు. నోటికొచ్చిన అంకె చెప్పాను."

"చూసింది చూసినట్టు ఎందుకు చెప్పలేదు?"

"ఉత్తినే 'నాకు భయంగా ఉంది' అంటే నువ్వు వింటావా? మన దగ్గర ఎవడు వింటాడు ఆ మాట? అంకె చెప్తే వింటావనుకున్నాను." అన్నాడు ఎరుపు. "అంకె చెప్పబట్టే నువ్వు పోటీకి దిగావు. ఆ సంగతి నాకు నీ భుజం మీద పాప తల చూసినప్పుడు తెలిసింది. అప్పుడైనా చెప్పలేదు. చెప్తే అబద్ధమాడానని మళ్ళీ అస్సలు నమ్మవని."

నీలం అట్టపెట్టెల మీద కూర్చుండిపోయాడు. చేతిలో చొక్కా అలాగే ఉంది. అతను కొడతాడేమో అనుకున్నానని ఎరుపు తర్వాత నాతో అన్నాడు. కొట్టలేదు. బయట కౌంటర్ల దగ్గర ఎవరో "ఈ ఫోన్ ఎవరు చూపిస్తారండీ?" అని అడుగుతున్నారు. పచ్చ చొక్కా ఆవిడ వెళ్ళింది.

"ఏం చూశావు?" అన్నాడు నీలం.

"ఎందుకురా ఇప్పుడు?"

"నేను చూడలేదు. ఆ రోజంతా దాని పక్కనే ఉన్నాను. నాకు అంకెలు గుర్తున్నాయి, టైములు గుర్తున్నాయి. అది ఎలా ఉందో గుర్తు లేదు. నువ్వు చూశావుగా. చెప్పు."

ఎరుపు అతని ఎదురుగా నేల మీద కూర్చున్నాడు.

"గొంతు కింద ఇక్కడ గుంట పడుతోంది. ఊపిరి తీసినప్పుడల్లా" అన్నాడు, తన మెడ దగ్గర వేలు పెట్టి చూపిస్తూ.

"ఇంకా?"

"ముక్కుపుటాలు విచ్చుకుంటున్నాయి. రెండు స్వెటర్లు వేశావు కదా, ఆ పైనుంచి కూడా డొక్కలు తెలుస్తున్నాయి."

"ఇంకా?"

"నీళ్ళు కావాలని అడగబోయింది. 'మామా' అని ఆగింది. ఊపిరి తీసుకుని 'నీ' అంది. మళ్ళీ తీసుకుంది. నేనే మూత తీసి ఇచ్చాను. రెండు గుక్కలు తాగింది. తాగడానికి కూడా ఊపిరి చాల్లేదు, సీసా నాకిచ్చేసింది."

"ఇంకా?"

"ఇంకేం లేదురా."

"చెప్పు."

"ఏడవలేదు" అన్నాడు ఎరుపు. "అంత ఇబ్బందిలోనూ ఏడవలేదు. కౌంటర్ అవతల నువ్వు మాట్లాడుతుంటే నీ వీపు వైపు చూస్తూ కూర్చుంది."